తారామణి టీచర్ సోయి క్లాసు

నేల మీద పడుకున్న ఆడవాళ్ళంటే మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ అచ్యుతరావుగారికి గిట్టదని, లిఫ్టు దగ్గర నోటీసు చూసేదాకా నాకు తెలియలేదు. కమ్యూనిటీ హాల్లో జరుగుతున్న అభ్యంతరకరమైన క్లాసుని ఖాళీ చేయించాలా వద్దా, ఆదివారం ఓటింగట. అభ్యంతరకరం! మేం చేసే పనల్లా చాప పరుచుకుని వెల్లకిలా పడుకోవడం, వీపు నేలకి ఎక్కడ ఆనిందో ఎక్కడ ఆనలేదో చూసుకోవడం. దానికే ఆయన కొంపేదో మునిగిపోయింది.

ఆ క్లాసు తారామణి టీచరుగారిది. ఉప్పల్ నుంచి ఆటోలో మా నాచారం వచ్చి చెప్తారు. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు సోయి క్లాసు. మా గోదావరి వైపు ఆ మాట వినలేదు గానీ, ఇక్కడ ఎవరైనా పరధ్యానంగా గిన్నె జారవిడిస్తే ‘సోయి లేదా నీకు?’ అంటారు. ఒంటి మీద ఎరుక లేదా అని. “తిట్టేటప్పుడు అందరు యాది జేస్తరు, నేర్పుడు మాత్రం ఎవరికీ యాదికి రాలే. అందుకే నేను పెట్టిన” అంటారు టీచరుగారు.

ఆవిడ సర్కారు బడిలో పీఈటీ టీచరుగా చేసి రిటైరయ్యారు. మెళ్ళో ఈల, నోట్లో ఎప్పుడూ ‘ఛాతీ ముందుకు, కడుపు లోపలికి’. పిల్లలకి పిల్లిమొగ్గ చూపించబోయి ఒకరోజు మెడ పట్టేసి మంచాన పడ్డారు. ఆపరేషన్ అన్నారు డాక్టర్లు, తగ్గుతుందని మాత్రం అనలేదు. ఈవిడ జగమొండి. వద్దని ఇంటికొచ్చి, నెలల తరబడి బండల మీద పడుకుని, లేవబోయిన ప్రతిసారీ తన ఒళ్ళు ఏం చేస్తోందో కాపలా కాశారు. “లేవక ముందే మెడ బిగవడ్తున్న, పండ్లు కొరుకుతున్న. లేసుడు తర్వాత ముచ్చట, లడాయి ముందే షురూ జేస్తున్న” అని కనిపెట్టారు. ఆ లడాయి మానుకోవడానికి ఏళ్ళు పట్టిందట. తిరిగి బడికి వెళ్ళాక ఈల పక్కన పడేశారు. పిల్లల్ని నిటారుగా నిలబడమనడం మానేసి, ఎలా నిలబడ్డారో చూసుకోమన్నారు. హెడ్మాస్టరు మెమో ఇస్తే, దాన్ని మడిచి కుర్చీ కోడు కింద పెట్టుకున్నారు, కుర్చీ కదులుతోందని.

అప్పటికి మా చుట్టుపక్కల ఇలాంటిది చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. పుస్తకం లేదు, గురువు లేడు. ఇండస్ట్రియల్ ఏరియాలో రోజంతా కుట్టుమిషన్ మీద వంగే ఆడవాళ్ళకి, నిలబడి నిలబడి నడుము విరిగిన బస్సు కండక్టర్లకి గోడ నీడన చెప్పడం మొదలుపెట్టారు. పిచ్చిదన్నారు. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుని, తన పని తాను చేసుకుపోయారు.

ఆ క్లాసు మా హాల్లోకి వచ్చాక నేను వెళ్ళింది నా కుడి భుజం కోసం. పట్టేసింది, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్క లాగు లాగితే పగలే చుక్కలు కనిపించాయి. టీచరుగారు నా చెయ్యి ముట్టుకోలేదు.

“పద్మావతీ, చెయ్యి ఎత్తకు. ఎత్తాల్నని మనసుల అనుకో, అంతే” అన్నారు.

అనుకున్నాను.

“ఊపిరేమైంది?”

ఆగిపోయింది. చెయ్యి కదలకుండానే ఊపిరి బిగబట్టేశాను.

“చెయ్యి నీదే గదా. ఎవల పర్మిషన్ కోసం ఆగినవ్?”

ఒళ్ళు మండిపోయింది నాకు. నోట్లో నాలుక లేనిదాన్నా నేను? మా వీధి కూరగాయల బండివాడిని అడగండి నా సంగతి. కానీ ఇంటికొచ్చి చూసుకుంటే నిజమే. మా ఆయన త్రిమూర్తులుగారు హాల్లో న్యూస్ చూస్తుంటే టీవీ సౌండు తగ్గించమని అడగబోయి ఊపిరి ఆపుతున్నాను. మా మామగారు పోయి ఇన్నేళ్ళయినా, ఆయన కుర్చీ పక్క నుంచి వెళ్ళేటప్పుడు భుజాలు ముడుచుకుంటున్నాను. కూరగాయల బండి దగ్గర చూపించే శౌర్యమంతా గుమ్మం బయటే వదిలేసి వస్తున్నానని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను. మర్నాడు మళ్ళీ క్లాసుకి వెళ్ళాను.

నోటీసు పెట్టిన మర్నాడు అచ్యుతరావుగారు స్వయంగా హాలుకి వచ్చాడు. మేం చాపల మీద ఉన్నాం. ఆయన సీలింగు ఫ్యాను వైపు చూస్తూ మాట్లాడాడు.

“మేడం, నేనేం పగోణ్ణి కాదు. యోగా థెరపీ అని ఒక బోర్డు పెట్టుర్రి. మోకాళ్ళ నొప్పులు, నడుము నొప్పులు మాయం అని కింద రాయుర్రి. నలుగురు మర్యాదస్థులు వస్తరు. నేనే ఓటింగు బందు జేపిస్త. లేదంటే వెల్‌నెస్ సెంటరోళ్ళు మెషిన్లు పెడ్తామని తిరుగుతున్నరు.”

టీచరుగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. లేవలేదు.

“యోగా గొప్పది సార్, నాకు రాదు. నొప్పి మాయమైతదని నేనెన్నడు చెప్పలే. నొప్పికాడ మీరేం జేస్తున్నరో చూస్కోమంటున్న. అబద్ధం బోర్డు నేను పెట్ట.”

“మరి ఈ వయసులో ఆడోళ్ళు ఇట్ల పండుకుంటే, లిఫ్టుకాడికి పోయేటోళ్ళకు కనవడ్తది గద మేడం. జర బాగుంటదా?”

“చూసేటోళ్ళకు మెడ తిప్పుడు నేర్పిస్త, పంపుర్రి. ఫీజు అడగ.”

చాపల మీద అందరం నవ్వేశాం. ఆయన మొహం కందగడ్డయింది. తాడో పేడో ఆదివారమే తేలుతుందని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక మాత్రం చాప చుడుతూ ఓట్లు లెక్కవేసుకున్నాను. ఓట్లు వేసేది మగవాళ్ళు. మా దగ్గర ఇంటికొక ఓటు, మీటింగుకి వెళ్ళేది మొగుడు. మేం వెళ్ళేది టీ, మిక్చరు అందించడానికి. ఈ హాలు పోతే ఆవిడకి ఇంకో చోటు లేదు. ఉప్పల్లో అద్దెకి అడిగిన చోటల్లా సర్టిఫికెట్ అడిగారు. తనే మొదలుపెట్టిన విద్యకి ఆవిడకి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆయన్ని అడిగాను.

“హాలు సంగతి... మీరు ఎటు వేస్తారండీ?”

“అచ్యుతరావు మనకి కావలసినవాడు. ఆయన మాట కాదంటే బాగుండదు. ఆ పడుకునేదేదో మనింట్లో పడుకోరాదూ?”

ఊపిరి ఆగింది. ఆగిందని ఈసారి తెలిసింది. అయినా పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం సెల్లార్లో కార్లు బయటికి తీసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీల్లో మగవాళ్ళు, పిల్లర్ల దగ్గర మేము. టీచరుగారికి ముందు వరసలో కుర్చీ వేశారు, ముద్దాయికి వేసినట్టు. అచ్యుతరావుగారి భార్య ధనశ్రీ టీ ఫ్లాస్కు పట్టుకుని నా పక్కనే ఉంది.

ముందుగా సెక్రటరీ దయాకర్ లేచాడు. “ఓనర్లే ఓటెయ్యాలె. కిరాయిదార్లకు హక్కు లేదు. ఇది ప్రెసిడెంటు సార్ పెట్టిన రూలే, అందరికీ ఎరికే.” కిందటేడు అద్దెకున్న కుర్రాళ్ళు నీళ్ళ గురించి నిలదీస్తే, వాళ్ళ నోరు మూయించడానికి అచ్యుతరావుగారు పట్టుబట్టి చేయించిన రూలది.

“హాలు ఖాళీ జేపియ్యాలె అనేటోళ్ళు చేతులెత్తుర్రి.”

మగవాళ్ళ చేతులు లేచాయి. మా ఆయన చెయ్యి కూడా.

“వద్దనేటోళ్ళు?”

ఎవరూ లేరు. దయాకర్ కలం తీశాడు. టీచరుగారు నా వైపు చూడనైనా చూడలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని మామూలుగా కూర్చున్నారు. నాకు ఊపిరి ఆగింది. భుజం చెవి దాకా ముడుచుకుంది. చూసుకున్నాను. కాళ్ళు నేల మీద ఉన్నాయి. ఊపిరి వదిలాను. చెయ్యి లేచింది.

నొప్పి మాయం కాలేదు, అబద్ధం చెప్పను. చెవి దాటాక సలిపింది. అయినా పైకే పోయింది.

“అమ్మా, ఇంటికొక్క ఓటే. మీ సార్ వేసిండు గద” అన్నాడు దయాకర్.

“ఓనర్లే వెయ్యాలన్నారు కదండీ. మా ఫ్లాటు ఎవరి పేరు మీద ఉంది?”

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల వైపు చూశారు. భార్య పేరున కొంటే కలిసొస్తుందని సిద్ధాంతి చెప్తే, ఆయనే నా చేత సంతకాలు పెట్టించారు. మా అపార్ట్‌మెంట్లో సగానికి పైగా ఇళ్ళది అదే కథ. ఒక సిద్ధాంతి మాట ఒకరు విని, ఒకరిని చూసి ఒకరు. ఇళ్ళేమో ఆడవాళ్ళ పేర్లు, కుర్చీల్లోనేమో మగవాళ్ళు. ఇన్నాళ్ళూ మేం కూడా దాన్ని గురించి ఆలోచించలేదు.

“మాది కూడా నా పేరు మీదనే” అని క్లాసులో నా పక్క చాప మీదుండే విజయశ్రీ చెయ్యి ఎత్తింది. ఆమె వెనక సాయి ప్రియ. తర్వాత పిల్లర్ల దగ్గర నుంచి ఒక్కొక్క చెయ్యీ లేచింది. క్లాసుకి ఎన్నడూ రానివాళ్ళవి కూడా.

“ఇదేంది, ఇది పద్ధతి కాదు” అంటూ ఆపమన్నట్టు చెయ్యి ఎత్తాడు అచ్యుతరావుగారు.

“రూలు మీదే కదండీ” అన్నాను.

ధనశ్రీ ఫ్లాస్కు కింద పెట్టింది. “మనిల్లు గూడ నా పేరు మీదనే ఉన్నది గదనయ్యా. నేనింక ఆలోచన జెయ్యనే లేదు, నువ్వు చెయ్యెట్ల ఎత్తినవ్?” అంది. గట్టిగా కూడా అనలేదు. ఆయన చెయ్యి దానంతట అదే దిగిపోయింది.

దయాకర్ మళ్ళీ లెక్కపెట్టక తప్పలేదు. హాలు టీచరుగారిదే అని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు. మా ఆయన లేచి నా దగ్గరికొచ్చి, “సరేలే పద్మా, అయిపోయిందిగా. చెయ్యి దించు, అందరూ చూస్తున్నారు” అని గొణిగారు.

టీచరుగారు అప్పుడు తిరిగి చూశారు. “నొస్తుందా పద్మావతీ?”

“నొస్తోందండీ.”

“మరి దించుతవా?”

“ఇప్పుడే దించనండీ” అన్నాను. ఊపిరి ఆడుతూనే ఉంది.