తనంతట తానే పడే లాకు

దుకాణంలోకి అడుగు పెడుతూనే కొండలు, గల్లాపెట్టె వెనక కూర్చున్న శ్యామసుందరరావును చొక్కా పట్టి లాగి నేలమీద పడేశాడు. అడగడం లేదు, చెప్పడం లేదు. కుడిచేతి గుప్పిట్లో ఇనప హుక్కు ఉంది. దాంతోనే మొహం మీద గుద్దాడు. ముక్కు చితికి, రావు తెల్లచొక్కా అంతా ఎర్రగా అయిపోయింది. పనివాళ్లిద్దరూ ఒక్క పరుగున రోడ్డెక్కారు.

"సంపీసినావు కదరా! మా బావని నిలువునా సంపీసినావు!"

"ఎవర్ని బాబూ? నేనేం చేశాను?"

"నకిలీ సరుకు అంటగట్టి ఇంకా ఏటి అడుగుతన్నావురా?" అని మళ్లీ గుద్దాడు.

బరంపురంలో తాళ్లు, రంపాలు, గొడ్డళ్లు అమ్మే దుకాణమది. తుఫాను వచ్చి పోయిందంటే చాలు, ఒరిగిపోయిన చెట్లు కొట్టే పని కొండలుకీ, అతని బావ లక్ష్ముడికీ చేతినిండా ఉంటుంది. బావ పైకెక్కి నరుకుతాడు, కొండలు కింద నిలబడి తాడు పడతాడు. పైనున్నవాడి నడుం బెల్టునూ చెట్టు చుట్టూ తిప్పిన తాడునూ కలిపి ఉంచేది ఒక్క హుక్కే. అది ఊడితే ఇక మనిషి లేనట్టే.

కొనడానికి వచ్చిననాడు రావు వాళ్లని తొందరపెట్టలేదు. రంగురంగుల నాజూకు హుక్కు చూసి లక్ష్ముడు చెయ్యి చాస్తే, "అది సంచులు తగిలించుకోడానికయ్యా, మనిషిని కాదు" అని పక్కకి తోసేశాడు. మర తిప్పి బిగించేది చూపించి, బెరడుకి రాసుకుని మర వదులవుతుంది, మాటిమాటికీ చూసుకోవాలన్నాడు. ఆఖరున ఈ హుక్కు తీశాడు. తలుపు మీది తొడుగు పైకి నెట్టి, తిప్పితే గాని తెరుచుకోదు. వదిలేస్తే తనంతట తానే లాకు పడుతుంది. "లోపలికి మురికి పోనివ్వకండి. ఎక్కేముందు ఒక్కసారి తెరిచి, వదిలి, పడిందో లేదో చూసుకోండి" అని మరీమరీ చెప్పాడు. లక్ష్ముడు అదేమీ వినలేదు. దాన్ని టక్కుటక్కుమనిపిస్తూ మురిసిపోయాడు.

"ఇదే తీసుకుందుమురా కొండా. మనం మర్సిపోయినా అదే పడిపోద్ది."

ఆ మాటే కొంప ముంచింది.

ఈ పొద్దున లక్ష్ముడు లంజిపల్లిలో ఒక మేడ మీదికి ఒరిగిన వేపచెట్టు ఎక్కాడు. "బావా, లాకు పడ్డాదా?" అని కింద నుంచి కొండలు కేకేశాడు. "అదే పడ్డాది నేరా!" అని చూసుకోకుండానే నవ్వాడు లక్ష్ముడు. రంపం ఆడిస్తూ పక్కకి జరిగాడు. నరికిన కొమ్మ మోడు ఒకటి హుక్కు తలుపుని లోపలికి నొక్కింది, తాడు జారిపోయింది. మనిషి ప్రహరీ గోడ మీద పడి, అక్కణ్ణించి తలకిందులుగా సిమెంటు మీద పడ్డాడు. ఆ చప్పుడు కొండలు చెవుల్లోంచి పోవడం లేదు. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. అక్క దేముడమ్మ శవం మీద పడి గుండెలు బాదుకుంటుంటే, కొండలు బావ నడుం నుంచి హుక్కు ఊడబీక్కుని, "నకిలీది అంటగట్టినాడప్పా!" అని అరిచి ఇలా వచ్చాడు.

గొంతు మీద మోకాలు పెట్టి మళ్లీ చెయ్యెత్తేసరికి రావు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"చంపెయ్ బాబూ. దాన్నొక్కసారి నాకు చూపించి చంపెయ్."

ఆ గొంతులో ఏముందో ఏమో, కొండలు చెయ్యి ఆగింది, మోకాలు తీశాడు. రావు హుక్కు తీసుకుని, తొడుగు నెట్టి, తిప్పి వదిలాడు. తలుపు మూసుకుంది. తొడుగు మాత్రం తిప్పినచోటే బిగుసుకుపోయింది. పాక్కుంటూ వెళ్లి, బల్ల కిందనుంచి అలాంటిదే కొత్తది తీసి, అలాగే తిప్పి వదిలాడు. టక్కుమని లాకు పడింది. అప్పుడు పాతదాని తొడుగు సందులో గోరు పెట్టి గీకాడు. ఎర్రటి పొట్టు రాలింది. రక్తమనుకున్నాడు కొండలు. దాని కింద పసుప్పచ్చటి పెళ్ల ఊడింది.

"పసుపూ కుంకమూ. లోపల పేరుకుని ఎండిపోయింది. స్ప్రింగు కదల్లేదు. ఎవరు పూశారు బాబూ దీనికి?"

కొండలు ఆ పెళ్లని వేళ్లతో నలిపి చూశాడు.

విశ్వకర్మ పూజనాడు అక్క పీట మీద రంపం, కత్తి, తాళ్లు, హుక్కు వరసగా పెట్టి, కడిగి, పసుపు ముద్ద పూసి బొట్లు పెట్టింది. "దీనికి బాగా రాయప్పా, బావ పేణమంతా దీనిమీదే కదా" అని ఆ హుక్కు చేతికిచ్చింది కొండలే. ఆవిడ మడత మడతకీ, సందు సందుకీ వేలు పెట్టి మరీ పూసింది. పూజ తరవాత మొదటి పని అయ్యేదాకా బొట్టు చెరపకూడదని వాళ్లింటి ఆనవాయితీ. ఈ పొద్దున్నదే మొదటి పని. మురికి పోనివ్వద్దని రావు చెప్పాడు, నిజమే. పసుపు కుంకాన్ని మురికని ఏ ఆడది అనుకుంటుంది?

బయట ఆటో ఆగింది.

"ఒరే కొండా!" అంటూ దేముడమ్మ లోపలికొచ్చింది. జుట్టు ఊడిపోయి ఉంది, రవిక నిండా మొగుడి రక్తం. "ఏటంతన్నాడురా ఈడు? నకిలీదేనా అది? నా సేతుల్తో పూజ సేసినాను కదరా దానికి! మీ బావని ఎలాగ ఒగ్గీసినాదిరా?"

రావు మూతి తుడుచుకుంటూ లేచి కూర్చున్నాడు. "అమ్మా, అందులో పసు..."

కొండలు పిడికిలి ఆ నోటి మీద పడింది. ఇందాకటి దెబ్బలు కోపంతో ఒళ్లు తెలియక కొట్టినవి. ఇది తెలిసి కొట్టాడు. పన్నొకటి ఊడి నేలమీద పడింది.

"నకిలీదే అప్పా! ఈడే మోసం సేసినాడు."

దేముడమ్మ గోడకి ఆనించిన గొడ్డళ్లకి బిగించే కర్ర కామల్లో ఒకటి అందుకుని రావు తలకి గురిచూసి ఎత్తింది. ఒక్క మాట చెబితే ఆవిడ ఆగిపోతుంది. ఆ ఒక్క మాట చెప్పలేక కొండలు రావు మీద బోర్లా పడ్డాడు. దెబ్బ వీపు మీద పడి ఎముక కలుక్కుమంది.

"నెగు! ఈడ్నెందుకురా కాస్తన్నావు?"

"ఈడు సస్తే నిన్ను జైల్లో ఏసీస్తారప్పా. నన్ను కొట్టు."

"నువ్వేటి సేసినావురా?"

తమ్ముడు అడ్డు లేవకపోయేసరికి ఆవిడకి మరింత మండిపోయింది, వాణ్ణే బాదడం మొదలుపెట్టింది. కింద రావు ఊపిరాడక, నెత్తురు ఉమ్మి ఏదో చెప్పబోయాడు. కొండలు అరచేత్తో ఆ నోరు గట్టిగా మూశాడు.

"నీ కాళ్లట్టుకుంటాను బాబూ, సెప్పకు" అన్నాడు రావు చెవిలో. "మా అప్పకి సెప్పకు."

పైనుంచి దెబ్బలు పడుతూనే ఉన్నాయి.