నాచు మేసే చేప

రేపు నౌపడలో రైలు దిగి దొరసాని వచ్చేస్తుంది. టెక్కలి మిషను బంగళాలో ఆమె బంగారు చేపల గాజుతొట్టి నాచు పట్టిపోయింది. వంటవాడు అంద్రెయకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

నాచు తినే చేప కావాలంటే చేపల ధనమ్మ కుండలో రెండు చేపలు తెచ్చింది. “మూతి కిందికున్నదే నాచు గీరి తింటాది బాబూ. ఆ రెండోది...”

“సేపల గురించి నాకు సెప్పొచ్చినావేటి?”

కూరకి ఏరినట్టే, ఎక్కువ కొట్టుకుంటున్నదాన్ని ఏరి తొట్టిలో వదిలాడు.

తెల్లవారి గరిటెతో దేవితే తను వదిలిన కొర్రమీను ఒక్కటే తగిలింది, పొట్ట ఉబ్బి.

“నా చేపలేవి, అంద్రెయా?” వచ్చీరాగానే దొరసాని అడిగింది.

“నాచు సాటునున్నాయమ్మా.”

ఆ నాచుకే మనసులో దండం పెట్టుకున్నాడు.

దొరసాని చొక్కా చెయ్యి మడిచి, గాజు తుడవడానికి తొట్టిలో చెయ్యి పెట్టింది.