ప్లంబరు సొంత పైపు

డాక్టరమ్మ బొమ్మ గీయడం ఇంకా పూర్తి కానేలేదు. ప్లంబరు ఆవిడ చేతిలోంచి పెన్ను లాగేసుకున్నాడు.

"ఇది ట్యాంకు. ఇది పైపు. బ్లాకు ఇక్కడ. అంతేగా?"

"అంతే," అంది డాక్టరమ్మ. "వీర్యకణాలు తయారవుతూనే ఉన్నాయి. ఎప్పుడో వచ్చిన ఇన్‌ఫెక్షన్ వల్ల బయటికొచ్చే దారి పూడిపోయింది. అందుకే ఎన్నిసార్లు పరీక్ష చేసినా సున్నా."

ఆ సున్నా ప్లంబరుకి నిద్ర లేకుండా చేస్తోంది. ఇప్పుడతని మొహం వెలిగిపోయింది. సరుకుంది! పోయింది పైపే! పైపులంటే తన ఇలాకా.

"దారులు రెండు," అంది డాక్టరమ్మ. "మైక్రోస్కోపు కింద, పూడిన చోటు దాటించి గొట్టాన్ని మళ్లీ కుట్టొచ్చు. ఆ అతుకు నిలుస్తుందని హామీ ఇవ్వలేను. నిలిచినా కణాలు బయటికి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది. లేదంటే, సన్న సూదితో లోపల్నుంచే కణాలు తీసి, ల్యాబులో ఒక్కో అండంలోకి ఒక్కోదాన్ని ఎక్కిస్తాం. మీ ఆవిడ వయసు చూస్తే నేను సూదే మంచిదంటాను."

పక్కన కూర్చున్న భార్య సిటీ బస్సు డ్రైవరు. షిఫ్టు మధ్యలో యూనిఫాంతోనే వచ్చింది. నలభై దగ్గర పడుతోంది. అండాల నిల్వ తగ్గుతోందని పోయినసారే చెప్పారు.

"పైపే కుట్టండి," అన్నాడు ప్లంబరు. "పైపు పూడింది, ట్యాంకులోంచి చెంబుతో తోడుకోండని నేనెవరికీ చెప్పలేదు. నా పరువేం కావాలి?"

"లోపలికి తొంగి చూసేది డాక్టరమ్మే కదండీ," అంది భార్య. "ఆవిడ ముందు మీ పరువు ఎప్పుడో పోయింది."

బయట వరండాలో కాఫీ మెషిన్ దగ్గర బావమరిది కాచుకుని ఉన్నాడు. ప్లంబరు దగ్గరే పని చేస్తాడు కాబట్టి వేళాకోళంలో కూడా వృత్తిధర్మం తప్పడు.

"ఏంటి బావా, లీకా, బ్లాకా?"

"నోర్ముయ్."

"బ్లాకే," అంది అక్క. "మీ బావేమో ట్యాంకులోంచి తోడనివ్వరట. ఏవండీ, మన వంటింటి కుళాయి చెడి ఏడాదవుతోంది. బాత్రూంలోంచి బకెట్లు మోస్తున్నాను. అప్పుడెక్కడికి పోయింది ఈ పరువు?"

బావమరిదికి కాఫీ పొలమారింది.

"సరైన వాషరు దొరకలేదు," అని గొణిగాడు ప్లంబరు.

భార్య అతని వంక అనుమానంగా చూసింది. "నిజం చెప్పండి. గొట్టం కుట్టేటప్పుడు పూర్తిగా నిద్రపుచ్చుతారా?"

"పుచ్చుతారు."

"సూదికి?"

ప్లంబరు కాఫీ మెషిన్‌ని శ్రద్ధగా పరీక్షించసాగాడు. "అక్కడ మాత్రమే మత్తంట. మెలకువగా పడుకోవాలంట."

"అదన్నమాట సంగతి! పరువూ కాదు, పాడూ కాదు. సూదంటే భయం!"

బావమరిది గోడకి ఆనుకుని పడీపడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఏడాది నేనాగగలను," అంది మెల్లగా. "నా అండాలాగవు."

ప్లంబరు కాఫీ మెషిన్‌ని వదిలి వెనక్కి తిరిగాడు. తర్వాత లోపలికెళ్లి, "సూదే కానివ్వండి," అన్నాడు.

కొన్ని వారాల తర్వాత, సూది రోజు పొద్దున్నే భార్య దగ్గర అండాలు తీశారు. ఆమె పక్క గదిలో పడుకుంది. ఇటు బల్ల మీద ప్లంబరు, అడ్డంగా పచ్చగుడ్డ, దానవతల డాక్టరమ్మ. ప్లంబరు పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. సూదిలోకొచ్చిన చుక్కని గోడలోని చిన్న కిటికీలోంచి ల్యాబుకి అందించారు.

"ఏమీ లేవు మేడం," అంది కిటికీ అవతలి గొంతు.

ఇంకో చుక్క వెళ్లింది.

"ఉన్నాయి గానీ కదలడం లేదు."

ప్లంబరు కళ్లు తెరిచాడు. పక్క గదిలోని అండాలు ఎంతోసేపు ఎదురుచూడవని అతనికి ముందే చెప్పారు. భయం ఎటు పోయిందో పోయింది, నోరు లేచింది.

"డాక్టరమ్మా, బ్లాకు దగ్గర చూడండి! సరుకంతా అక్కడే పేరుకుంటుంది!"

"పేరుకున్నవి ముసలివయ్యా. చాలా మటుకు చచ్చినవి. తాజావి ట్యాంకు పక్కనుంటాయి. నీ నోరు కదిలితే నువ్వూ కదులుతున్నావు. నా సూది ఎక్కడుందో గుర్తుందా?"

ప్లంబరు ఊపిరి కూడా బిగబట్టాడు.

ఆవిడ రెండో వైపుకి మారింది. మరో చుక్క కిటికీ దాటింది. అవతల కుర్చీ కిర్రుమంది. జవాబు లేదు. ఇంకా లేదు.

"ఏమైందమ్మా?" అంది డాక్టరమ్మ.

"లెక్కపెట్టలేక ఆగాను మేడం. ఈదుతున్నాయి!"

ప్లంబరు పచ్చగుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు.

మధ్యాహ్నం, కాళ్లు ఎడంగా పెట్టుకుని, అంగుళం అంగుళం జరుపుకుంటూ భార్య మంచం దగ్గరికి చేరాడు.

"వేలల్లో ఉన్నాయట," అన్నాడు ఛాతీ విరుచుకుని. "మిగిలినవి ఫ్రీజ్ చేసి దాస్తారట. పిండాలెన్నయ్యాయో రేపు ఫోన్ చేస్తామన్నారు."

"సంతోషం. కూర్చోండి."

"కూర్చోను."

"నొప్పా?"

"అబ్బే, నిలబడితే బాగుంది."

ఆమె దుప్పటి కిందనుంచి చెయ్యి చాచి అతని వేళ్లు పట్టుకుంది. "వేలెందుకండీ," అంది, "మనకి ఒక్కటి చాలు. మీకు మల్లే సూదికి భయపడనిది."