దుప్పటి రెండో కొస

తెల్లవారగానే పెద్దమ్మ సంచి సర్దడం మొదలుపెట్టింది. రెండు జతల బట్టలు, తువ్వాలు, సబ్బుముక్క, దువ్వెన. తూనీగ రోజూ వేసుకునే మాత్రలను గుడ్డలో మూటకట్టి బట్టల మధ్య పెట్టింది. సర్దిందంతా మళ్ళీ బయటికి తీసింది. శాలువా పెట్టాలా వద్దా అని గుమ్మంలో నిలబడి ఆకాశం కేసి చూసింది.

"పోలీసు స్టేషన్లో రెండు మాటలు అడిగి పంపేస్తామన్నారు పెద్దమ్మా. నువ్వేమో నన్ను కాపురానికి పంపుతున్నట్టు సర్దుతున్నావు," అంది తూనీగ, అద్దం ముందు జడ వేసుకుంటూ.

"రెండు మాటలకి వాళ్ళే ఇక్కడికి రావచ్చుగా?"

"వస్తే టీ ఇవ్వాలి. మనింట్లో పాలు లేవు."

పెద్దమ్మకి నవ్వు రాలేదు. సాయంత్రానికి వచ్చేస్తానన్న వాళ్ళను ఆమె చాలామందిని సాగనంపింది. గనిలోకి వెళ్తూ పెనిమిటి అన్నాడు. ఆసుపత్రికి వెళ్తూ చెల్లెలు అంది. ఆ చెల్లెలి బిడ్డే తూనీగ. పుట్టినప్పుడు అందరూ మగపిల్లాడన్నారు. మాటలు వచ్చినప్పటి నుంచీ ఆ బిడ్డ కాదంటూనే పెరిగింది. తల్లి పోయాక తండ్రి ఇంట్లోంచి గెంటేస్తే, వానలో తడిసి వచ్చి పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడింది. పెద్దమ్మ అడిగిందల్లా ఒక్కటే: "తిన్నావా?"

తర్వాత తను పనిచేసే లాండ్రీలోనే పనికి పెట్టించింది. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. ట్రాలీల మధ్య రివ్వున తిరుగుతుందని ఎవరో ఎగతాళికి తూనీగ అని పేరు పెట్టారు. ఆ పిల్లకి ఆ పేరు నచ్చింది. ఉంచేసుకుంది.

అక్కడొక నియమం ఉంది. పనివాళ్ళు ఇంటి బట్టలతో లోపలికి రాకూడదు, పనిబట్టలతో బయటికి పోకూడదు. రోగుల గుడ్డలు కదా మరి. మార్చుకోవడానికి ఆడవాళ్ళకొక గది, మగవాళ్ళకొక గది. తూనీగని ఆడవాళ్ళ గదిలోకి మేస్త్రీ రానివ్వలేదు. మగవాళ్ళ గదిలో ఏం జరిగిందో తూనీగ ఎవరికీ చెప్పలేదు, రెండో రోజు నుంచి అటు వెళ్ళలేదు. మాసిన దుప్పట్ల గుట్ట వెనక, చీము వాసనలో నిలబడి బట్టలు మార్చుకునేది. అలా ఏళ్ళు గడిచాయి.

చివరికి ఒక ఏడు కొత్త కాంట్రాక్టర్ వచ్చాడు. వచ్చిన వారానికే ఉదయం షిఫ్టు గేటు దగ్గర తూనీగని ఆపాడు.

"నువ్వు ఏ గదిలోకి పోవాలో తేలడం లేదట కదా? ఇక్కడే మార్చుకో. నువ్వేంటో అందరూ ఒకసారి చూస్తే గొడవ వదులుతుంది."

కాంట్రాక్టరూ వాచ్‌మనూ నవ్వారు. వరసలో ఉన్న మగవాళ్ళలో కొందరు నవ్వారు. ఆడవాళ్ళు నేల చూపులు చూశారు. తూనీగ కదల్లేదు. కాంట్రాక్టర్ ఆమె మెడ దగ్గర గుండీ పట్టుకుని లాగాడు. గుండీ తెగి సిమెంటు మీద పడి దొర్లింది. ఆ చిన్న చప్పుడు వందమందికి వినిపించింది.

పెద్దమ్మ కాళ్ళు వాటంతటవే నడిచాయి. పక్కనున్న ట్రాలీ మీంచి దుప్పటి లాగి తూనీగకీ జనానికీ మధ్య అడ్డం పట్టింది. కానీ దుప్పటికి రెండు కొసలు. మడత పెట్టడానికైనా, అడ్డం పట్టడానికైనా ఇద్దరు మనుషులు కావాలి. ఒక కొస ఆమె చేతిలో ఉంది. రెండోది నేల మీద వేలాడుతోంది. పెద్దమ్మ వరస కేసి చూసింది. చూస్తూనే ఉంది.

అప్పుడు మరకలామె సణుక్కుంటూ వచ్చింది. మరకలు వదిలించే తొట్టె దగ్గర పని ఆమెది. తూనీగని ఆడవాళ్ళ గదిలోకి రానివ్వొద్దని అందరికంటే గట్టిగా అరిచింది కూడా ఆమే.

"కొస ఇటివ్వవమ్మా. అలా ఈడిస్తే మట్టి అవుతుంది. మళ్ళీ ఉతికి చచ్చేది నేనేగా!"

కొస పట్టుకుంది. పట్టుకున్నాక కాంట్రాక్టర్ వైపు తిరిగింది. "ఏంటయ్యా చూస్తున్నావ్? మీ ఇంట్లో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునేటప్పుడు ఇలాగే నిలబడతావా?"

దుప్పటి వెనక తూనీగ బట్టలు మార్చుకుంది. వణుకుతున్న ఆమె నీడ గుడ్డ మీద కనిపించింది. అది చూస్తూ ఇంకెవరూ నవ్వలేదు. మర్నాటి నుంచి షిఫ్టు మొదట్లోనూ చివర్లోనూ ఎవరో ఇద్దరు దుప్పటి పట్టేవారు. వంతులు వేసుకోలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఆ ధైర్యంతోనే తూనీగ ఒకరోజు లాండ్రీ పనివాళ్ళ సంఘం గదికి వెళ్ళి నోరు విప్పింది. తనలాంటి వాళ్ళు ఆదివారాలు కలుసుకుంటారు. ఎవరి అద్దింట్లో కూర్చుంటే వాళ్ళని ఇంటి యజమాని ఖాళీ చేయిస్తున్నాడు. ఆదివారం మూసి ఉండే సంఘం గది ఇమ్మని అడిగింది.

సంఘానికి పెద్ద, బాయిలర్ మంట చూసుకునే బాయిలర్ అన్న. మంచివాడే, కానీ మొండి. "జీతాల గొడవ తేలలేదు, ఓవర్‌టైం గొడవ తేలలేదు. ఇప్పుడీ ముచ్చట్లకి గది ఇస్తే యాజమాన్యం మనల్ని చూసి నవ్వదా?"

"ఆరోజు గేటు దగ్గర నవ్వలేదా అన్నా?" అంది తూనీగ. "కాంట్రాక్టరూ నవ్వాడు, మన వాళ్ళూ నవ్వారు. ఇద్దరూ కలిసి నవ్వగలిగితే ఇక మనకి సంఘం దేనికి?"

గది ఒక్కసారిగా భగ్గుమంది. "ఎవడ్రా నవ్వింది?" అని ఒకడు, "నువ్వే నవ్వావు!" అని ఇంకొకడు. మిషన్ల దగ్గరి వాళ్ళు ఒకవైపు, ఇస్త్రీ వాళ్ళు ఒకవైపు. చివరికి మరకలామె బల్ల మీద చరిచింది.

"నాకు వీళ్ళ సంగతులు సగం అర్థం కావు. కానీ రక్తం మరకల దుప్పట్లు వస్తాయి కదా, ఇది ఆడదాని రక్తమా మగవాడి రక్తమా అని నేనెప్పుడైనా అడిగానా? గది ఇచ్చి పడెయ్యి, తాళం నా దగ్గర ఉంటుంది."

ఆదివారం వచ్చారు. బస్సులు కడిగే ఆమె, దర్జీ, ఆసుపత్రి ఆయా, కాలేజీలో చదివే పిల్ల. ఇంట్లో వేసుకోనివ్వని బట్టలు సంచుల్లో దాచి తెచ్చుకున్నారు. గది మూల ఇద్దరు దుప్పటి పట్టారు. ఒక్కొక్కరు దాని వెనక్కి వెళ్ళి, తాము ఎవరో ఆ మనిషిగా బయటికి వచ్చారు. బయటికి వచ్చిన వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు చెప్పాలి. అందరూ ఆ పేరు గట్టిగా పిలవాలి. ఒక తల్లి గుమ్మం అవతలే నిలబడిపోయింది. కూతురని పెంచిన బిడ్డ చొక్కా తొడుక్కుని దుప్పటి వెనక నుంచి రాగానే, కొంగు అడ్డం పెట్టుకుని, "కాలర్ సరిచేసుకోరా," అంది. ఆ 'రా' విని ఆ పిల్లవాడు కూలబడి ఏడ్చాడు. బాయిలర్ అన్న టీ గ్లాసులు అందిస్తూ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిరి అలవాటున్న కళ్ళు, ఆవిరి వల్లనే అన్నాడు.

పొరపాటు పెద్దమ్మ చేతుల మీదుగా జరిగింది. చిరిగి పక్కన పడేసిన దుప్పట్లు తెచ్చుకుందామని అందరూ అనుకున్నారు. కానీ ముప్పై ఏళ్ళుగా ఆమె చేయి పోయేది ఇస్త్రీ అయిన దొంతర మీదికే. ఆ ఆదివారానికి ముందురోజు కూడా అటే పోయింది. ఆసుపత్రి ముద్ర ఉన్న మూలను, అలవాటు ప్రకారం, లోపలికి మడిచింది. అందుకే ఆ ముద్ర ఎవరికీ కనపడలేదు. మరో ఆదివారం తర్వాత కాంట్రాక్టర్ మనుషులు సంఘం గది తాళం పగలగొట్టి ఆ దుప్పటి విప్పారు. దొంగతనం కేసు పెట్టారు, తూనీగ మీద.

"తెచ్చింది నేనయ్యా!" అని పెద్దమ్మ ఆఫీసు ముందు నెత్తీ నోరూ కొట్టుకుంది.

"నువ్వు ఎవరికి కావాలి ముసలమ్మా?" అన్నాడు కాంట్రాక్టర్. "పోయి మడతలు పెట్టుకో."

పెద్దమ్మ సంచి సర్దుతున్నది ఆ కేసు కోసమే.

స్టేషన్‌కి తూనీగ ఒక్కతే వెళ్ళలేదు. ఉదయం షిఫ్టుకి వచ్చిన వాళ్ళు గేటులోకి పోకుండా వెనక నడిచారు. బాయిలర్ అన్న మంట ఆర్పి వచ్చాడు. లాండ్రీ పొగగొట్టం నుంచి పొగ రాకపోవడం ఆ వీధి మొదటిసారి చూసింది. ఆదివారం మనుషులు కలిశారు, తల్లులు కలిశారు. కాలేజీ పిల్ల తన తోటి విద్యార్థులను వెంటబెట్టుకొచ్చింది. చేతుల్లో చిరిగిన దుప్పట్లు.

ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదికి వచ్చాడు. "ఏమిటీ సంత?"

"ఆ దుప్పటి తెచ్చింది నేను," అంది పెద్దమ్మ.

"కాదు, నేను," అంది మరకలామె. "నేను," అన్నాడు బాయిలర్ అన్న. నేను, నేను అంటూ ఆ మాట వీధి చివరిదాకా పోయింది.

"పోయింది ఒక్క దుప్పటి. దొంగలు ఇంతమందా?"

"పెద్ద దుప్పటండీ," అంది మరకలామె. "ఒక్కరు మోయలేరు."

జనం గొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. పిలిచిన మనిషి ఒక్కరే లోపలికి రావాలన్నాడు.

"ఆడవాళ్ళ గదిలోనే కూర్చోబెడతామని మాటివ్వండి," అన్నాడు బాయిలర్ అన్న.

"గదులెందుకు? రెండు మాటలేగా."

పెద్దమ్మ సంచి అందించింది. తూనీగ సంచి భుజానికి తగిలించుకుని ఆమె చేయి నొక్కింది. "సాయంత్రానికి వచ్చేస్తా. నువ్వేం తినకుండా కూర్చోకు." మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూసింది. తలుపు మూసుకుంది.

జనం అక్కడే కూర్చున్నారు. ఎండ వచ్చింది, జల్లు పడింది, మళ్ళీ ఎండ వచ్చింది. దుప్పట్లు నెత్తిన కప్పుకున్నారే గాని లేవలేదు. పొద్దు వాలుతుండగా ఒక కానిస్టేబుల్ వచ్చి సంచి మెట్టు మీద పెట్టాడు.

"మధ్యాహ్నమే పంపేశాం. వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోయింది."

"సంచి లేకుండానా?"

"మర్చిపోయినట్టుంది."

పెద్దమ్మ అక్కడే కూర్చుని సంచి విప్పింది. మాత్రల మూట అలాగే ఉంది. దువ్వెన ఉంది. బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆమె వాటిని చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఈ మడత నాది కాదు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె లేచి నిలబడి, ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తి చెప్పింది. "వినండర్రా! నేను మడిస్తే మూల లోపలికి పోతుంది. తూనీగకి నేర్పింది నేనే, అదీ అలాగే మడుస్తుంది. ఇది ఎవరో విప్పి, మళ్ళీ పెట్టిన మడత. నా బిడ్డ ఈ సంచి విప్పలేదు. వెనక గుమ్మం నుంచి తన కాళ్ళ మీద నడిచి పోలేదు!"

మడతలు పెట్టే ఆడవాళ్ళందరూ ఆ బట్టలు చేతుల్లోకి తీసుకుని చూశారు. చూసిన వాళ్ళంతా తలాడించారు. మరకలామె తన చేతిలోని దుప్పటి విప్పింది. కొస పెద్దమ్మకిచ్చింది. ఇద్దరూ స్టేషన్ తలుపుకి అడ్డంగా దాన్ని పట్టి నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇంకొక దుప్పటి, దాని వెనక ఇంకొకటి. వీధంతా తెల్లగా లేచింది. లాఠీలు వచ్చాయి. బాయిలర్ అన్న చేయి విరిగింది. విరగని చేత్తో కొస పట్టుకున్నాడు.

బాయిలర్ మళ్ళీ వెలగలేదు. ఆసుపత్రి ఆయాలు మాసిన దుప్పట్లు బయటికి పంపేది లేదన్నారు. మిగతా లాండ్రీల వాళ్ళు వాటిని ముట్టుకునేది లేదన్నారు. కాలేజీలు బయటికి వచ్చాయి. కాంట్రాక్టర్ వెళ్ళిపోయాడు, ఇన్‌స్పెక్టర్ని వేరే చోటికి మార్చారు, ఆడవాళ్ళ గది తలుపు తూనీగలాంటి వాళ్ళందరికీ తెరిచారు. గెలిచామని కొందరన్నారు. స్టేషన్ వెనక గుమ్మం ఎటు పోతుందో చెప్పేదాకా గెలవలేదని పెద్దమ్మ అంది. ఆ ప్రశ్నతోనే తర్వాతి పోరాటం మొదలైంది.

ఆదివారాలు గది నిండుతోంది. కొత్తవాళ్ళు వస్తే పెద్దమ్మ ఒక కొస పట్టుకుంటుంది. రెండో కొస కోసం ఇప్పుడు నలుగురు పోటీపడతారు. తలుపు చప్పుడైతే ఆమె అటు చూస్తుంది. సంచి ఇంట్లో కొక్కానికి వేలాడుతోంది, ఆ మడతలు ఆమె విప్పలేదు.

వానాకాలం చివరి సోమవారం ఉదయం తూనీగ ఆ స్టేషన్ లోపలికి వెళ్ళింది. తిరిగి రాలేదు.