రాత్రి షిఫ్టు దాగులు

ఇటు జరుగు బిడ్డా, నా మోకాలి పక్కకొచ్చి కూర్చో. మనవాళ్లు బతుకుదెరువుకొచ్చిన లింబాయత్‌లో ఆగిన సాంచెలు, అదే కరెంటు మగ్గాలు, మళ్లీ ఆడిన ఏడాది, మన ప్రసన్నకు గొంతు మీద కత్తి పెట్టినట్టయిన కథ ఇది.

కరోనాకు ఊళ్లకు పోయినవాళ్లు తిరిగొచ్చారు గానీ రాత్రి కర్ఫ్యూ పోలేదు. లింగమూర్తి సేటు కార్ఖానాలో ఒక్కో సాంచెకు ఇద్దరు: పగలు ఒకరు, రాత్రి ఒకరు. ప్రసన్న నాన్న సోమలింగం రాత్రివాడు. పోలీసుల కంట పడకూడదని సేటు రాత్రిళ్లు సగం లైట్లు ఆర్పించేవాడు.

"రాత్రోళ్ల బట్టల దాగులు, గీ పోగు తెగిన మచ్చలు, ఎక్కువైతున్నయ్. వీళ్లను తీసేస్త" అన్నాడు సేటు.

"చీకట్ల పోగు తెగితె కానొస్తలేదు సేటూ" అన్నాడు సోమలింగం.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది!"

ప్రసన్న ఫోనులోనే పాఠాలు వింటూ కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. సేటు ఆమెనే పిలిచాడు. "నువ్వే లెక్క తియ్యి బిడ్డా. రెండు షిఫ్టులు ఒక్కతీరేనంటే మీ నాయన ఉంటడు. లేదంటే సోమారం నుంచి రావద్దు."

ఆమె పగటి దాగులన్నీ ఒక కుప్ప, రాత్రివన్నీ ఒక కుప్ప చేసి, రెండు వేరు గుంపులకు పెట్టే పరీక్ష పెట్టింది. తేడా ఉందని తేలలేదు. తల్లి పోశమ్మ చెంపలు వేసుకుని దేవుడికి దండం పెట్టింది. "ఇగ బతికినం!"

ప్రసన్నకు మాత్రం సేటుకు ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు. అవి వేరు గుంపులెక్కడివి? అదే సాంచె మీద ఇద్దరూ నేస్తున్నారు. పాత సాంచె ఎవరు నేసినా దాగులు రాలుస్తుంది, కొత్తది ఎవరికైనా మాట వింటుంది; సాంచెల తేడాలో షిఫ్టుల తేడా మునిగిపోయింది. అన్నం ఎవరు మాడ్చారో తెలియాలంటే ఒకే పొయ్యి మీద ఇద్దరి వంటా చూడాలి గానీ, వాడకట్టు పొయ్యిలన్నీ కలిపేస్తే ఏం తెలుస్తుంది? ఈసారి ఏ సాంచెను ఆ సాంచెతోనే జోడించి, జోడీల పరీక్ష పెట్టింది. దాదాపు ప్రతి సాంచె మీదా రాత్రి దాగులే ఎక్కువ.

"అమ్మా, ముందు పెట్టింది తప్పు పరీక్ష. నాయనోళ్లవే ఎక్కువున్నయ్."

"నీ నోట్లె మన్ను వడ! సేటుకేం ఎరుక? ముందటిదే చెప్పు."

సోమలింగం తల ఎత్తలేదు. "తప్పని తెల్సినంక ఎట్ల చెప్తదే పోశీ" అన్నాడు.

ప్రసన్న సేటు దగ్గరికి పోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది. "అయితె సోమారం నుంచి..." అని సేటు లేవబోయాడు.

"ఆగు కాకా! తేడా ఉన్నదని తేలింది. అది మనిషిదా, రాత్రిదా అన్నది తేలలే. అవే సాంచెల మీద పగటోళ్లను రాత్రికి, రాత్రోళ్లను పగటికి మార్చి చూడు."

పగటి షిఫ్టులో నేసే రాజమౌళి జబ్బ చరిచాడు. "నేను కండ్లు మూసుకోని నడిపిస్త!"

సేటు ఒక వారం అట్లాగే మనుషుల్ని మార్చి నడిపించాడు. తనే నాన్న కూడు పోగొట్టానేమోనని ప్రసన్న కుమిలింది. వారం చివర బట్ట పరిచి, మళ్లీ సాంచెకు సాంచె జోడించి చూశారు. మనుషులు మారినా దాగులు రాత్రివే ఎక్కువ. అన్నిటికన్నా అధ్వానం రాజమౌళిది!

"కండ్లు తెరిస్తె అయిపోతుండె గదరా" అన్నాడు సోమలింగం.

సేటు నవ్వలేదు. ఎవరినీ తీసేయలేదు. ఆ సాయంత్రం వెలుగు బయటికి కనబడకుండా కిటికీలకు తనే నల్లగుడ్డ కట్టి, లైట్లన్నీ వేయించాడు.

గుర్తుంచుకో బిడ్డా. ఎవరైనా ఇద్దరిని పోల్చి ఒకరిని తప్పుపడితే, ఈ సాంచెల ముచ్చట వాళ్లకూ చెప్పు.