పన్‌తా గొరిగిన ఐదో తల

విహారం పెరట్లో నాలుగో తల గొరగడం పూర్తి చేసి, పన్‌తా కత్తిని తోలుపట్టీ మీద రెండుసార్లు అటూ ఇటూ రాశాడు. వానాకాలపు వ్రతానికి ఇంకా రెండు రోజులే ఉంది. అది మొదలైతే మూడు నెలల పాటు భిక్షువులు విహారం విడిచి ఎక్కడికీ పోరు. పూర్వం ఈ రోజుల్లో పదేళ్ళ పిల్లల్ని పువ్వులతో ముస్తాబు చేసి, డోలు కొట్టుకుంటూ భుజాల మీద మోసుకొచ్చేవారు. ఇప్పుడు మీసాలొచ్చిన వాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన వస్తున్నారు. సైన్యం చీటీలు తీసి పేర్లు రాసుకుపోతోంది మరి! కాషాయం కట్టినవాడి జోలికి మాత్రం ఇంకా రావడం లేదు.

పన్‌తా పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. కత్తి పట్టి పట్టి కుడిచేతి చూపుడువేలు వంకరపోయింది. ముప్పై ఏళ్ళుగా, బర్మాలోని షాన్ కొండల కిందున్న ఈ నమ్‌పాంగ్ ఊళ్ళో తలలన్నీ ఆయన చేతి కిందవే. ప్రభుత్వ సైనికులకూ క్రాపు, కొండల్లోంచి చాటుగా దిగే మన షాన్ దళం కుర్రాళ్ళకూ క్రాపే. "తల అన్నాక తలే, దానికి జెండా ఏవిటి?" అనేవాడు. ఆ మాట పట్టుకుని చాలా కాలమే నెట్టుకొచ్చాడు. తర్వాత కొండదళం ఇంటికొకణ్ణి అడిగింది. పెద్దవాడు సాయ్ లావ్ వెళ్ళాడు. ఊళ్ళో మాత్రం పచ్చరాయి గనుల్లో పనికి పోయాడని చెప్పుకున్నారు. మూడు వారాల కిందట సైన్యం చీటీల్లో రెండోవాడి పేరొచ్చింది. ఇవాళ పొద్దున పదింటికల్లా హాజరు కావాలి. అన్న అటు, తమ్ముడు ఇటు, ఎదురెదురుగా తుపాకులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కదా!

ఆ రెండోవాడే, సాయ్ టున్, ఐదో తలగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తల్లి నాంగ్ మొ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, రాలే జుట్టు నేల తాకకుండా తెల్లగుడ్డ పట్టింది.

"నాన్నా, కత్తి చెవి దాకా వచ్చింది. చెవులు ఉంచుతావా?"

"నోర్ముయ్ వెధవా. బుర్ర పుచ్చకాయలా పెంచావు, ఎటు తిప్పినా వంకరే."

"అది మీ వంశం బుర్రే," అంది నాంగ్ మొ. రెండు చేతులా గుడ్డ ఉండడంతో కళ్ళు భుజానికి ఒత్తుకుంది.

నీళ్ళు పోసుకుని, కాషాయం కట్టి, పెద్ద గురువు చెప్పిన నియమాలు పలికేసరికి పదకొండయింది. కోవిదుడని కొత్త పేరు పెట్టారు. సరిగ్గా అప్పుడే హవల్దారు వచ్చాడు. మైదానం నుంచి వచ్చిన బర్మా జాతి కుర్రాడు. తుపాకీ గేటు దగ్గరున్న సైనికుడికిచ్చి, బూట్లు విప్పి, చేతిలో జాబితాతో లోపలికొచ్చాడు.

"సాయ్ టున్ ఎవరు?"

నాంగ్ మొ జుట్టున్న తెల్లగుడ్డని మూట కట్టింది. అంతలో కొత్త భిక్షువు మెట్లు దిగుతూ కాషాయం అంచు తొక్కుకుని తూలాడు.

"ఒరేయ్ టున్, జాగ్రత్త!" అన్నాడు పన్‌తా.

ముప్పై ఏళ్ళలో ఒక్క తలకీ గాటు పెట్టని మనిషి నోరు జారాడు.

"ఏంటి మావయ్యా, స్వామివారిని ఒరేయ్ అంటున్నావ్?" అన్నాడు హవల్దారు మెల్లగా.

పన్‌తా మోకాళ్ళ మీద పడ్డాడు. కొడుకు పాదాల ముందు మూడుసార్లు నుదురు నేలకి ఆనించాడు. "తప్పయిపోయింది స్వామీ. అజ్ఞానిని, మన్నించండి." భిక్షువు గృహస్థుకి తిరిగి మొక్కకూడదు. తండ్రి పడి లేస్తుంటే టున్ చేతులు కదలబోయి ఆగాయి. కదిలితే అంతా అయిపోయేది. కాలివేళ్ళు మాత్రం నేలని గట్టిగా పట్టుకున్నాయి.

"ఆ పేరుగలవాడు పొద్దున వచ్చాడు, ఇప్పుడు లేడు," అన్నారు పెద్ద గురువు. "ఈయన కోవిదుడు."

హవల్దారు ఆ కొత్త గుండుని చాలాసేపు చూశాడు. అప్పుడే గొరిగిన చర్మం తెల్లగా మెరుస్తోంది.

"మా అమ్మా నన్నిలాగే పంపుదామనుకుంది మావయ్యా. మా ఊళ్ళో మంగలి దొరకలేదు." జాబితాలో 'ఊళ్ళో లేడు' అని రాసి, కోవిదుడికి వంగి మొక్కి, గేటు వైపు నడిచాడు. "క్రాపు పెరిగింది, రేపొస్తా!"

హమ్మయ్య! పన్‌తా అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. మూడు వారాలుగా గుండె మీదున్న బండ దిగిపోయింది. ఎందుకో తెలియకుండా నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

మధ్యాహ్నం గురువుగారి వ్యానులో కోవిదుడు ఏటి దిగువనున్న అడవి విహారానికి బయలుదేరాడు. తల్లి తాకకూడదు గనక దూరం నుంచే మొక్కింది. వ్యాను మలుపు తిరిగాక భర్తతో, "ఇక మూడు నెలలు కంటినిండా నిద్రపోతా," అంది.

"పోదువుగాని. గురక పెట్టకు."

మూడు నెలల తర్వాతి సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇవాళ్టికి ఇది చాలు.

విహారం దండెం మీద టున్ విడిచిన జీన్ ప్యాంటు ఉండిపోయింది. పన్‌తా దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

"ఉతకనా?" అంది నాంగ్ మొ.

"వద్దు, ఉండనీ. ఇద్దరిదీ ఒకటే కొలత. ఎవడు ముందొస్తే వాడు తొడుక్కుంటాడు."

తలుపు వెనక మేకుకి తగిలించాడు. పొద్దున బల్ల మీద కూర్చున్నప్పుడు పడ్డ ముడతలు దాని మోకాళ్ళ దగ్గర అలాగే ఉన్నాయి.