పెసరట్ల బండి మీద రాజుగారు

నేను ఒక ఫ్లెక్సీని. నన్ను చూసి మొహం చిట్లించుకోకండి. నన్ను పుట్టించింది మీరే, నా మీద మీ మొహాలు అచ్చేయించుకున్నదీ మీరే. నాకు చావు రాకుండా చేసిందీ మీరే కనుక, పగ తీర్చుకోవడానికి నాకు కావలసినంత తీరిక ఉంది. ఒకసారి తీర్చుకున్నాను కూడా. ఆ సంగతే చెబుతాను.

గోదావరి కాలువ పక్కనున్న ఒక ఊళ్ళో, బస్టాండు వెనక ప్రింటింగు షాపులో పుట్టాను. నాకంటే ముందు ఒక అక్క పుట్టింది. దాని మీదా ఇవే అక్షరాలు: "పర్యావరణం మనందరిదీ. సామాన్యులతో నిపుణుల చర్చ." ఆ కింద ఇద్దరి మొహాలు. ఒకరు డాక్టరు హైమవతిగారు. రెండోవారు రిటైరైన ఇంజనీరు, చర్చ పెట్టిన సంఘానికి అధ్యక్షులు, పేరిచర్ల విశ్వనాథరాజుగారు. రాజుగారు అక్కను చూడగానే గయ్యిమన్నారు.

"నా మొహం డాక్టరమ్మ మొహం కన్నా చిన్నదైపోయిందేంటయ్యా? అధ్యక్షుణ్ణి నేనా, ఆవిడా?"

అక్కను చుట్టి మూలన పడేశారు. ఆయన మొహాన్ని గుమ్మడికాయంత చేసి నన్ను అచ్చేశారు. ప్లాస్టిక్కు తగ్గించాలని చర్చ పెట్టిన పెద్దమనిషికి, మొహం కోసం రెండో ఫ్లెక్సీ కొట్టించడంలో తప్పేమీ కనిపించలేదు. నా పగకు మొదటి ముడి అక్కడే పడింది.

చర్చకు జనం రారేమోనని పులిహోర పెడతామని ఆటోలో మైకు పెట్టి చాటించారు. పులిహోర కోసం వచ్చినవాళ్ళు మాటలకు బలైపోయారు. రాజుగారూ డాక్టరుగారూ వేదిక మీద బాగానే కలబడ్డారు గానీ, సగం ఇంగ్లీషులో కలబడ్డారు. ముందు వరుసలో ఒకాయన నోరు తెరిచి నిద్రపోయాడు. అప్పుడు వెనక నుంచి నూకరత్నం లేచింది. పాతరేవు పేటలో పెసరట్ల బండి నడుపుకునే మనిషి.

"అయ్యగారూ, మా పేట కల్వర్టు కింద నీళ్ళు లాగట్లేదండి. వానొచ్చిందంటే ఇంట్లోకొచ్చేత్తన్నాయండి. పిండీ పొయ్యీ అన్నీ మునిగిపోతన్నాయి. దానికేదన్నా దారి చెప్పండి."

రాజుగారు నవ్వారు. "ఇక్కడ ప్రపంచం గురించి మాట్లాడుకుంటున్నామమ్మా. మీ కాలవ గొడవ ఇక్కడ కాదు. కూర్చో."

ఆమె కూర్చుంది. మొహం మాడిపోయింది. రాజుగారు వెంటనే నా వైపు వేలు చూపించి, "ఇదిగో, ఇలాంటి దరిద్రం వల్లే భూమి నాశనమైపోతోంది!" అన్నారు. హాలంతా చప్పట్లు. ఆ వేలు సరిగ్గా ఆయన ముక్కు మీదకే చూపిస్తోందని ఎవరూ గమనించలేదు. సభ అయిపోయాక నన్ను ఎక్కడ పెట్టాలని టెంటువాళ్ళు అడిగితే, "పారేయండి ఎక్కడో చోట!" అన్నారు రాజుగారు. వాళ్ళు హాలు వెనక మురుగు కాలువలో పారేశారు.

మురుగులో కొట్టుకుపోతూ నిర్ణయించుకున్నాను. ఈ కాలువ రాజుగారి వీధి గుండానే పోతుంది. ఆ దిగువనున్న పేట కల్వర్టు దగ్గర అడ్డం పడితే నీళ్ళు వెనక్కి తన్ని ఆయన హాల్లోకి రావాలి, ఆయన సోఫాలు తేలాలి. నిండు మనసుతో అడ్డం పడ్డాను. వాన దంచి కొట్టింది. నీళ్ళు వెనక్కి తన్నాయి. రాజుగారి ఇంటికి ఎత్తైన మెట్లున్నాయి, మొదటి మెట్టు తడిసి ఊరుకుంది. నీళ్ళు పల్లం వెతుక్కుంటూ నూకరత్నం ఇంట్లోకి పోయాయి. ఎవరి గుమ్మం ఎంత ఎత్తో నీళ్ళకు కూడా బాగా తెలుసు. నా కడుపు మండిపోయింది. పగ చల్లారలేదు సరికదా, రెండింతలైంది.

మర్నాడు పేటవాళ్ళు కొక్కేలేసి నన్ను పైకి లాగారు. నూకరత్నం బురద తుడిచి చూసింది.

"ఓయమ్మో! అయ్యగారండీ!"

నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. సబ్బు నీళ్ళతో కడిగి, తన బండికి కప్పుగా కట్టింది, అచ్చు లోపలికి వచ్చేలా. పెనానికి సరిగ్గా పైన రాజుగారి మొహం. పొద్దున్నే పెసరట్టు కోసం వచ్చినవాడల్లా తల ఎత్తి "ఎవరే ఈయన?" అనేవాడు. ఆమె అట్టు తిప్పుతూ కథంతా చెప్పేది. పొగకు ఆయన మీసం రోజురోజుకీ నల్లబడుతుంటే, నాకు ఎంత హాయిగా ఉండేదో!

కథ విని డాక్టరు హైమవతిగారు కూడా వచ్చారు. అల్లం పచ్చడి నంజుకుంటూ అడిగారు.

"రాజుగారి ఫ్లెక్సీ సరే. ఆ కల్వర్టులో ఇన్ని ప్లాస్టిక్ కప్పులెక్కడివి నూకరత్నం?"

అందరూ చేతుల్లో నూకరత్నం టీ పోసిచ్చిన కప్పులు చూసుకున్నారు. ఒక ఆటో అతను ఎగిరిపడ్డాడు. "కప్పులు తయారుచేసేవోణ్ణి అడగరేటండీ? తాగేవోడే దొరికేడా?" డాక్టరుగారు తగ్గలేదు, అతనూ తగ్గలేదు. పెసరట్లు చల్లారిపోయాయి. పులిహోర ఎర వేయకుండానే రోడ్డు నిండింది. మర్నాటి నుంచి నూకరత్నం గాజు గ్లాసులు పెట్టింది. వాటిని కడగలేక చస్తున్నానని డాక్టరుగారిని తిడుతూనే కడిగేది.

చివరికి రాజుగారే వచ్చారు, చంకలో కొత్త టార్పాలిన్‌తో.

"ఇది కట్టుకోమ్మా. అది తీసెయ్. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాను."

"తీసేత్తానండి. ముందు ఆ రోజు నేనడిగినదానికి బదులు చెప్పండి. ఇక్కడే, అందరి ముందరా."

తన మొహం కిందే నిలబడి ఆయన చెమటలు కక్కారు. ఈసారి ఇంగ్లీషు నోట రాలేదు. జనం ఊరుకోలేదు. మాటల్తో కాదు, దిగి చూడమన్నారు. రాజుగారు తెల్ల ప్యాంటు మడిచి కల్వర్టులోకి దిగారు. మోకాలి దాకా మురుగు. తూము పల్లానికి కాకుండా ఎత్తుకు వేశారని అప్పుడు కనిపెట్టి, సంఘాన్ని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి సరిచేయించారు. మంచి పనే చేశారు, ఒప్పుకుంటాను. అయినా నేను క్షమించలేదు.

మళ్ళీ వాన పడింది. నీళ్ళు సాఫీగా పోయాయి, నూకరత్నం పొయ్యి ఆరలేదు. అన్న మాట ప్రకారం తాళ్ళు విప్పి, నన్ను మడిచి ఆయన చేతిలో పెట్టింది. రాజుగారు హమ్మయ్య అనుకుని అలవాటుగా కాలువ వైపు నడిచి, ఆగిపోయారు. పేటంతా చూస్తోంది. చెత్తకుండీ వైపు తిరిగారు. డాక్టరుగారు అక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. రాజుగారు అగ్గిపెట్టె కోసం జేబు తడుముకున్నారు.

"ఆ పొగ మా పిల్లలు పీల్చాలేటండీ?" అంది నూకరత్నం.

నన్ను చంకలో పెట్టుకుని నడిరోడ్డు మీద చాలాసేపు నిలబడ్డారు. తర్వాత తలొంచుకుని ఇంటికి తీసుకుపోయారు.

ఇప్పుడు ఆయన అటక మీదే ఉన్నాను. అప్పుడప్పుడూ నిచ్చెన వేసుకుని వచ్చి చూసి, ఏమీ తోచక దిగిపోతారు. ఆయన జుట్టు తెల్లబడుతోంది. నా మీద ఉన్న మొహం మాత్రం, మసి పట్టిన మీసంతో సహా, చెక్కు చెదరలేదు. నాకు తొందరేమీ లేదు.